సంతకానికి తొందర పెట్టకండి

కొన్నేళ్ల కిందటి మాట. జూన్ ఒకటో తేదీ సాయంత్రం, మా పక్కింటివాళ్ల గడ్డికోసే మిషన్ తిరిగిచ్చేద్దామని వెళ్లి వాళ్ల వంటింట్లో ఇరుక్కుపోయాను. బల్ల మధ్యలో ఒక ఫోను పెట్టి ఉంది, దాని చుట్టూ అమ్మా నాన్నా ఇద్దరు కొడుకులూ కూర్చున్నారు. పెద్దవాడికి ఇరవై ఏళ్లు. హాకీ కర్రకి చుట్టే నల్ల టేపు చుట్ట ఒకటి చేతిలో పట్టుకుని, దాని కొస లాగడం, మళ్లీ అతికించడం, మళ్లీ లాగడం, అదే పని. గ్యారేజీ తలుపు తీసి ఉండటంతో తడి గ్లౌజుల వాసన వంటింటిదాకా వస్తోంది. నేను వెళ్లిపోతానంటే, పర్లేదు కూర్చోమన్నారు. ఐదయింది. ఐదుంపావయింది. ఫోను మోగలేదు. వాళ్లమ్మ లేచి ఓవెన్ కట్టేసింది. నాన్న మాత్రం, ఇంక అయిపోయింది అన్నట్టు కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

అప్పటికి నాకు ఆ తేదీ సంగతి, అంటే హాకీ కాంట్రాక్టులకి అది ఆఖరి గడువన్న సంగతి, తెలియదు. తర్వాత వారాల తరబడి అడిగి, చదివి తెలుసుకున్నాను, ఇప్పటికీ చదువుతూనే ఉన్నాను. మావాడు వారానికి రెండుసార్లు సరదాకి మంచు మీద ఆడతాడు తప్ప ఈ వ్యవహారాలతో మా ఇంటికేమీ సంబంధం లేదు. కానీ ఆ టేపు చుట్ట నా మనసులోంచి పోలేదు.

హాకీ అంటే మనవాళ్లకి ముందు గడ్డి మైదానమే గుర్తొస్తుంది కాబట్టి ఒక మాట చెప్పేస్తాను, ఇది ఐస్ హాకీ. మేముండేది మిషిగన్‌లో కాంటన్ అనే ఊళ్లో, తెలుగువాళ్లు బాగా ఉన్న చోటే. ఇక్కడికి దగ్గర్లోనే ప్లిమత్‌లో అమెరికా జాతీయ జూనియర్ జట్టు శిక్షణ కేంద్రం ఉంది, దేశం నలుమూలల నుంచీ ఏరుకొచ్చిన పదహారు, పదిహేడేళ్ల పిల్లలు అక్కడే పెరుగుతారు. మన వీధుల్లో ఐఐటీ కోచింగ్ గురించి మాట్లాడుకున్నట్టే, ఇక్కడ కొన్ని ఇళ్లల్లో ఎవడు ఏ లీగ్‌కి వెళ్తున్నాడు, ఎవడికి ఏ ఏజెంట్ ఉన్నాడు అన్న మాటలే నడుస్తుంటాయి.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ఈ పిల్లలు ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టడానికి ఆలస్యం చేస్తే, లేదా డ్రాఫ్ట్ చేసిన, అంటే ఏటా జరిగే ఎంపికలో వాళ్ల పేరు పిలిచి తీసుకున్న, జట్టుకి అసలు పెట్టనంటే, వాళ్లని పొగరుబోతులనీ ద్రోహులనీ అనడం తప్పు. ఎందుకంటే ఆ కాగితంలో వాళ్ల చేతిలో ఉన్నది సంతకం తేదీ ఒక్కటే.

ఎలాగో చూడండి. ఇక్కడి అతిపెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు, ప్రతి వేసవిలో ఏడు రౌండ్ల డ్రాఫ్ట్, 224 మంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడి పేరు ఏ జట్టు పిలిస్తే అతని హక్కులు ఆ జట్టువే. ఏ ఊరు, ఏ కోచ్, ఆ జట్టులో అతని స్థానంలో ముందే ఎంతమంది ఉన్నారు, ఇవేవీ అతన్ని అడగరు. సరే, జట్టు ఎంచుకోలేడు, జీతమైనా బేరమాడుకోవచ్చా అంటే అదీ లేదు. తొలి కాంట్రాక్టుకి గరిష్ఠ పరిమితి ముందే రాసిపెట్టి ఉంటుంది. 2024, 2025 డ్రాఫ్టుల్లో వచ్చినవాళ్లకి అది ఏడాదికి 9.75 లక్షల డాలర్లు, సంతకం బోనస్ కూడా అందులో భాగమే, అదీ పది శాతం దాటకూడదు. ఆటతీరుని బట్టి వచ్చే బోనస్‌లు అదనంగా ఉండొచ్చు, అవి ఎక్కువగా దక్కేది డ్రాఫ్టులో మొదట పిలిచిన కొద్దిమందికే. కాలమైనా బేరమాడుకోవచ్చా? అదీ వయసుని బట్టే: 18 నుంచి 21 ఏళ్ల వయసులో సంతకం పెడితే మూడేళ్లు, 22, 23 అయితే రెండేళ్లు, 24 అయితే ఒక్క ఏడాది. మరి ఏం మిగిలింది? ఎప్పుడు పెట్టాలి అన్నదొక్కటే మిగిలింది.

ఇంకో సంగతి. 9.75 లక్షలని వినగానే మనవాళ్లు వెంటనే 85తోనో 90తోనో హెచ్చవేసేసుకుంటారు. కానీ అది ఎన్‌హెచ్‌ఎల్ జట్టులో ఉన్న రోజులకి మాత్రమే వచ్చే డబ్బు. కింది లీగ్‌కి, అంటే ఏహెచ్‌ఎల్‌కి పంపితే సంతకం బోనస్ పక్కన పెడితే అదే కాగితం మీద ఏడాదికి సుమారు 85 వేల డాలర్లు మించవు. సంతకం పెట్టినవాళ్లలో ఎక్కువమంది కొత్తలో గడిపేది ఆ కింది లీగ్‌లోనే, బస్సుల్లో తిరుగుతూ. మిషిగన్‌లో ఒక మామూలు ఇంజనీరు జీతం అంతే ఉంటుంది, అతనికి మోకాలు పోతే ఉద్యోగం పోదు.

ఇప్పుడు జూన్ ఒకటి సంగతికొస్తాను. కెనడా జూనియర్ లీగులు మూడున్నాయి, మొత్తాన్ని కలిపి సీహెచ్‌ఎల్ అంటారు, అందులో ఒకటైన ఓహెచ్‌ఎల్ జట్లు కొన్ని మా మిషిగన్‌లోనూ ఉన్నాయి. ఆ లీగుల్లో ఆడే కుర్రాడిని డ్రాఫ్ట్ చేసిన జట్టుకి, ఆ రోజుల్లో నిబంధన ప్రకారం రెండేళ్లే గడువు. రెండో ఏడాది జూన్ ఒకటి సాయంత్రంలోగా సంతకం చేయించుకోకపోతే హక్కులు పోతాయి, అతను మళ్లీ డ్రాఫ్ట్‌కి వెళ్లాలి, లేదా ఎవరు పిలుస్తారా అని చూడాలి. అదే కుర్రాడు అమెరికాలో కాలేజీ హాకీ ఆడుతుంటే నాలుగేళ్ల చదువు అయ్యాక వచ్చే ఆగస్టు 15 దాకా జట్టు ఆగగలిగేది. ఒకడికి రెండేళ్లు, ఇంకొకడికి నాలుగేళ్లు. ఇరవై ఏళ్లకి ఇంకా ఒళ్లు పూర్తిగా గట్టిపడని కుర్రాడికి, ముఖ్యంగా డిఫెన్స్ ఆడేవాడికి, ఆ రెండేళ్ల తేడా చాలా పెద్దది.

మా పక్కింటి పెద్దబ్బాయి డిఫెన్సే. పదహారేళ్లకే ఓహెచ్‌ఎల్ జట్టుకి సంతకం పెట్టాడు. ఆ రోజుల్లో సీహెచ్‌ఎల్‌లో ఆడినవాళ్లని కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ ప్రొఫెషనల్స్ కింద లెక్కకట్టేది, అక్కడ ప్రొఫెషనల్ కాంట్రాక్టులున్న ఆటగాళ్లతో కలిసి ఆడతారు కాబట్టి, నెలకి కాస్త భత్యం ఇస్తారు కాబట్టి. దాంతో పదహారేళ్ల పిల్లాడు, డ్రైవింగ్ లైసెన్స్ వచ్చి నెల కూడా కాని పిల్లాడు, ఒక సెప్టెంబర్‌లో మంచు మీదికి దిగిన రోజునే అమెరికా కాలేజీ హాకీ తలుపు మూసుకుపోయింది. పద్దెనిమిదేళ్లకి ఆరో రౌండులో డ్రాఫ్టయ్యాడు, ఇంటిముందు బెలూన్లు కట్టారు, మేమూ వెళ్లి కేకు తిన్నాం. ఇరవై ఏళ్లకి ఆ ఫోను మోగలేదు. ఆ జట్టుని తప్పుపట్టలేను, ఒక్కో జట్టు దగ్గర కాంట్రాక్టులు యాభై మించకూడదు, ఎవరో ఒకరికి చోటు ఉండదు. కానీ అప్పుడే గనక అతనికి కాలేజీ దారి తెరిచి ఉంటే ఆ జట్టు ఇంకో రెండేళ్లు ఆగి చూసేది, ఆగడానికి దానికి పైసా ఖర్చు కాదు.

అతను చితికిపోలేదు, ఆ మాటా చెప్పాలి. జూనియర్ లీగుల్లో ఆడిన ఒక్కో సీజన్‌కి ఒక్కో ఏడాది చదువు ఫీజు కట్టే ఏర్పాటు ఉంది, దానితో ఓంటారియోలో ఒక యూనివర్సిటీలో చేరి, అక్కడి జట్టుకి ఆడుతూ డిగ్రీ చేశాడు. చాలామంది ఆ చదువు డబ్బు సంగతి చివరిదాకా పట్టించుకోరు. ప్రొఫెషనల్ కాంట్రాక్టుతో అది ఎప్పుడు పోతుందో, ఎన్ని నెలల్లోపు వాడుకోవాలో సంతకానికి ముందే లాయరుతో చదివించుకోవాలి.

ఈ కథ నన్నెందుకు ఇంత పట్టుకుందంటే, నేనూ ఒకప్పుడు ఒక తొందర సంతకం పెట్టాను. హైదరాబాద్‌లో డిగ్రీ అవగానే వచ్చిన మొదటి ఉద్యోగం, రెండేళ్ల బాండు. పదో తరగతి మెమో దగ్గర్నుంచీ ఒరిజినల్స్ అన్నీ వాళ్ల దగ్గర పెట్టమన్నారు. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న అన్నారు, వచ్చిన లక్ష్మిని కాలదన్నకూడదురా, పెట్టెయ్ అని. ఆ మధ్యాహ్నమే పెట్టేశాను. నాలుగు నెలలకి అంతకు రెట్టింపు జీతంతో, నేను నిజంగా చేయాలనుకున్న పని వచ్చింది, వెళ్లలేకపోయాను. సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉన్నాయి. నాన్నని తప్పుపట్టను, ఆయన చూసిన లోకంలో రెండో అవకాశం ఉండేది కాదు. కానీ మనలో చాలామందికి, మన పిల్లల విషయంలో కూడా, ఆఫర్ అనగానే చెయ్యి దానంతటదే పెన్ను కోసం వెతుకుతుంది. ఇక్కడ హాకీ తల్లిదండ్రుల్లోనూ అదే చూశాను.

ఆగడం వల్ల ఏమొస్తుందో చెప్పడానికి కేల్ మకార్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కాల్గరీ కుర్రాడు. ఆ కెనడా జూనియర్ లీగుల్లో ఒకటైన డబ్ల్యూహెచ్‌ఎల్‌కి వెళ్లొచ్చు, వెళ్లలేదు, కాలేజీ దారి మూసుకోకూడదని అల్బర్టాలోనే బ్రూక్స్ అనే చిన్న ఊరి జట్టుకి ఆడాడు. 2017లో కొలరాడో అతన్ని నాలుగో స్థానంలో డ్రాఫ్ట్ చేసింది. నాలుగో స్థానం అంటే, మామూలుగా ఆ వేసవిలోనే సంతకం పెట్టించేస్తారు. అతను మసాచుసెట్స్ యూనివర్సిటీకి వెళ్లాడు. ఏడాది తర్వాత, 2018లో, అందరూ ఇప్పుడైనా వచ్చేస్తాడనుకున్నారు, ఇంకో ఏడాది ఉంటానన్నాడు. ఆ రెండో ఏడాది కాలేజీ హాకీలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు గెలుచుకున్నాడు, తన జట్టుని జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. ఫైనల్ ఓడిపోయింది 2019 ఏప్రిల్ 13న, కొలరాడోతో సంతకం ఏప్రిల్ 14న, మర్నాడు రాత్రి ప్లేఆఫ్స్‌లో మొదటి ఆట, అదీ తన సొంతూరి కాల్గరీ జట్టు మీద, ఆ ఆటలోనే గోల్ కొట్టాడు.

ఇక్కడొక చిన్న లెక్క ఉంది, బయటివాళ్లు ఎక్కువగా గమనించనిది. ఆ సీజన్లో అతను రెగ్యులర్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు, ప్లేఆఫ్స్‌లో పది ఆడాడు, అంతే. అయినా ఆ సీజన్ మూడేళ్ల కాంట్రాక్టులో మొదటి ఏడాదిగా లెక్కకొచ్చేసింది. అంటే మూడేళ్ల కాగితం నిజానికి రెండేళ్ల చిల్లరలో అయిపోయింది. 2021 జులైలో ఆరేళ్లకి, ఏడాదికి 90 లక్షల డాలర్ల కాంట్రాక్టు వచ్చింది. అదే పద్దెనిమిదేళ్లకి సంతకం పెట్టి మళ్లీ జూనియర్స్‌కి తిరిగెళ్లే కుర్రాడి సంగతి ఇందుకు పూర్తిగా తలకిందులు: 18, 19 ఏళ్లవాడు ఏడాదిలో పది ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడకపోతే ఆ ఏడాది లెక్కలోకే రాదు, కాంట్రాక్టు మొత్తం ముందుకి జరిగిపోతుంది. సంతకం పెట్టాడు, కట్టుబడిపోయాడు, కానీ గడియారం మొదలే కాలేదు. పైగా ఇరవై నిండని సీహెచ్‌ఎల్ ఆటగాడిని ఏహెచ్‌ఎల్‌కి పంపడానికి ఎన్‌హెచ్‌ఎల్‌కీ సీహెచ్‌ఎల్‌కీ మధ్య ఉన్న ఒప్పందం ఒప్పుకునేది కాదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉండాలి, లేదా జూనియర్స్‌కి తిరిగెళ్లాలి. ఎన్‌హెచ్‌ఎల్‌కీ ఆటగాళ్లకీ కుదిరిన కొత్త ఒప్పందంలో ఒక్కో జట్టు ఒక్క 19 ఏళ్లవాణ్ణి మాత్రం కింది లీగ్‌కి పంపుకోవచ్చంటున్నారు.

అందుకే మార్చి నెలాఖర్లో కాలేజీ జట్లు ఒక్కొక్కటీ ఓడిపోతున్న కొద్దీ ఆ పిల్లల ఏజెంట్లకి ఫోన్లు మొదలవుతాయి. ఎన్‌హెచ్‌ఎల్ సీజన్లో ఇంకా రెండు మూడు వారాలుంటాయి. ఇప్పుడే సంతకం పెట్టు, ఈ సీజన్లోనే రెండు మ్యాచ్‌లు ఆడిస్తాం, ఒక ఏడాది కలిసొస్తుంది అని జట్లే ఆశపెడతాయి. మా పక్క ఊరు లివోనియా నుంచి వచ్చిన టోరీ క్రూగ్‌ది ఇదే దారి. పొట్టిగా ఉన్నాడని ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో మూడేళ్లు ఆడాక, 2012 మార్చిలో తనే బోస్టన్‌ని ఎంచుకుని సంతకం పెట్టాడు, ఆ సీజన్లోనే రెండు మ్యాచ్‌లు ఆడాడు. డ్రాఫ్ట్ కాకపోవడం ఆ రోజు ఎంత ఏడిపించి ఉంటుందో గానీ, నచ్చిన జట్టుని ఎంచుకునే అవకాశం అతనికొచ్చింది అందువల్లే. జూనియర్స్‌లోనూ అలాంటివాళ్లున్నారు. బ్రిటిష్ కొలంబియాలో సర్రీ నుంచి వచ్చిన పంజాబీ కుర్రాడు అర్ష్‌దీప్ బైన్స్‌ని ఏ డ్రాఫ్టులోనూ ఎవరూ పిలవలేదు. రెడ్ డీర్ జట్టులో ఇరవై దాటాక కూడా ఆడి, 2021–22లో డబ్ల్యూహెచ్‌ఎల్ మొత్తానికీ పాయింట్లలో మొదటివాడయ్యాడు, ఆ మార్చిలో వాంకూవర్‌తో, అంటే ఇంటి దగ్గరి జట్టుతో సంతకం పెట్టాడు.

ఇంక డ్రాఫ్ట్ చేసిన జట్టుకి అసలు సంతకమే పెట్టనివాళ్లు. జిమ్మీ వేసీని 2012లో నాష్‌విల్ డ్రాఫ్ట్ చేసింది. హార్వర్డ్‌లో నాలుగేళ్లూ చదివాడు, 2016లో హోబీ బేకర్ గెలిచాడు, నాష్‌విల్‌కి రానన్నాడు. బఫలో ఒక మూడో రౌండు పిక్, అంటే డ్రాఫ్టులో ఒకర్ని ఎంచుకునే అవకాశం, ఇచ్చి అతని హక్కులు కొనుక్కుంది, వాళ్లకీ రానన్నాడు. ఆగస్టు 15 దాటాక న్యూయార్క్ రేంజర్స్‌కి సంతకం పెట్టాడు. ఆ వేసవిలో అతన్ని ఎన్ని మాటలన్నారో. తర్వాత అతను పెద్ద స్టార్ అవలేదు, జట్ల మధ్య తిరిగాడు, దాన్ని పట్టుకుని చూశారా అన్నవాళ్లూ ఉన్నారు. నాకు ఆ వాదన అర్థం కాదు. అతను స్టార్ కాకపోవడం వల్లే ఆ ఆగడం మరింత విలువైనది, జీవితంలో ఒక్కసారే దొరికే ఎంపిక అతనికి దొరికింది, వాడుకున్నాడు. అలాంటిదే కటర్ గోతియే సంగతి. 2022లో ఐదో స్థానంలో తీసుకున్న ఫిలడెల్ఫియాకి ఆడనన్నాడు, 2024 జనవరిలో వాళ్లు అతన్ని అనహైమ్‌కి పంపేశారు. ఏడాది తర్వాత ఫిలడెల్ఫియాకి ఆడటానికొస్తే, పక్, అంటే ఆడే బిళ్ల, అతని కర్రకి తగిలినప్పుడల్లా హాలంతా అరిచింది. టీవీలో చూశాను. ఇరవయ్యేళ్ల పిల్లాడు. అతను ఆ ఊరికి ఏం బాకీ పడ్డాడు? ఆ జట్టుని అతను కోరుకోలేదు, వాళ్లే అతని పేరు చదివారు.

జట్లకి అన్యాయం జరుగుతుంది అనే మాటని నేను తేలిగ్గా తీసేయను. ఐదో స్థానం పిక్ అంటే ఆ జట్టు ఒక చెత్త ఏడాది అనుభవించి సంపాదించుకున్నది. కానీ ముందుగా చెబితే జట్టు ఉత్త చేతులతో మిగలదు. గోతియేకి బదులు ఫిలడెల్ఫియాకి జేమీ డ్రైస్‌డేల్, పైగా ఒక రెండో రౌండు పిక్ వచ్చాయి. విన్నిపెగ్‌కి రానన్న మిషిగన్ యూనివర్సిటీ కుర్రాడు రట్గర్ మెక్‌గ్రోర్టీకి బదులు 2024 ఆగస్టులో పిట్స్‌బర్గ్ నుంచి బ్రేడెన్ యేగర్ వచ్చాడు, ఇద్దరూ తమ తమ డ్రాఫ్టుల్లో 14వ స్థానంవాళ్లే. 1991లో క్యూబెక్‌కి ఆడనన్న ఎరిక్ లిండ్రోస్‌కి బదులుగా వచ్చినవాళ్లలో పీటర్ ఫోర్స్‌బెర్గ్ ఉన్నాడు, ఆ జట్టే కొలరాడోకి తరలిపోయి 1996లో ఎన్‌హెచ్‌ఎల్ కప్పు గెలిచింది. కాబట్టి ఆగేవాళ్లని నేను అడిగేది ఒక్కటే, రానని తేల్చుకుంటే ఆ మాట ముఖం మీదే, వీలైనంత ముందుగా చెప్పండి. ఆఖరి ఆగస్టు దాకా నవ్వుతూ క్యాంపులకి వెళ్లొచ్చి చివర్లో తప్పుకోవడం నాకు నచ్చదు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి అంటారు, మోకాలు ఏ మ్యాచ్‌లో పోతుందో తెలియదు కదా అంటారు. నిజం. ఇల్లు గడవని కుటుంబం అయితే, లేదా ఇప్పటికిప్పుడు ఎన్‌హెచ్‌ఎల్ ఆడగలిగిన కుర్రాడైతే పెట్టెయ్యాల్సిందే. బోస్టన్ యూనివర్సిటీలో ఒక్క ఏడాది ఆడి హోబీ బేకర్ గెలిచిన మాక్లిన్ సెలబ్రీనీ 2024లో మొదటి స్థానంలో డ్రాఫ్టయ్యి ఆ జులైలోనే శాన్ హోసేకి సంతకం పెట్టాడు, అతను ఆగితే అర్థం లేదు. నేను మాట్లాడేది మూడో రౌండు, ఆరో రౌండు పిల్లల గురించి. వాళ్లకి ఆ సంతకం బోనస్ చూసే కళ్లు చెదురుతాయి, ఆ తర్వాత అడుగుతారు, నేను ఎక్కడ ఆడతాను అని.

వాళ్లకి ఇప్పుడు మంచి రోజులొచ్చాయి. ఒక కోర్టు కేసు తర్వాత 2024 నవంబర్‌లో ఎన్‌సీఏఏ తన నిబంధన మార్చుకుంది, 2025 ఆగస్టు నుంచి సీహెచ్‌ఎల్‌లో ఆడినవాళ్లు కూడా కాలేజీ హాకీ ఆడొచ్చు. వెంటనే కెనడాలో యూకాన్ ప్రాంతం నుంచి వచ్చిన గావిన్ మెకెన్నా, మెడిసిన్ హ్యాట్ జట్టులో 56 మ్యాచ్‌ల్లో 129 పాయింట్లు చేసినవాడు, పెన్ స్టేట్ యూనివర్సిటీలో చేరాడు, అక్కడ అతనికొచ్చే డబ్బు ఏడు లక్షల డాలర్ల దాకా ఉంటుందని పత్రికలు రాశాయి. అంత డబ్బు అందరికీ రాదు, దాన్ని చూసి ఎవరూ ఆశపడొద్దు. అసలు లాభం డబ్బు కాదు. పదహారేళ్లప్పుడు తీసుకున్న నిర్ణయం ఇప్పుడు ఇరవై ఏళ్లకి తలుపు మూసేయదు. ముఖ్యమైన షరతు ఒకటి ఉంది, ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టి ఉండకూడదు. అది పెట్టిన రోజు కాలేజీ దారి పోయినట్టే. అంటే పద్దెనిమిదేళ్ల సంతకం ఖరీదు మునుపటికంటే ఇప్పుడు పెరిగింది. ఏజెంట్లు ఈ మాట తల్లిదండ్రులకి ఎంత గట్టిగా చెబుతున్నారో నాకు అనుమానమే.

పక్కింటి చిన్నవాడికి ఇప్పుడు పద్దెనిమిది దాటాయి. ఆ రోజు అన్నయ్య పక్కన కూర్చుని ఫోను వంకే చూసిన పిల్లాడు, వీడూ డిఫెన్సే, వీడూ జూనియర్స్‌లోనే ఆడుతున్నాడు, కిందటి డ్రాఫ్టులో పేరొచ్చింది. ఈ వేసవిలో జట్టు కాంట్రాక్టు పంపింది. మొన్న ఆదివారం వెళ్తే వంటింట్లో అదే బల్ల మీద ఆ కాగితాలున్నాయి, ముడత పడకుండా, మీద ఒక ఉప్పు డబ్బా పెట్టి. సంతకం పెట్టలేదు. ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో రెండు కాలేజీల పేర్లు, కోచ్‌లు ఇంటికొచ్చే తేదీలు నల్ల పెన్నుతో రాసి ఉన్నాయి. అన్నయ్య ఓంటారియో నుంచి వచ్చి, కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని, ఆ కాగితాల్లో ఒక్కో పేజీ తమ్ముడికి చదివి వినిపిస్తున్నాడు.